సిస్టర్ చెప్పింది సరే, రోగికి అందిందా? పొగ మానే సలహాను కొలవాల్సింది ఇలా

ఆయాసంతోనో, గుండె నొప్పితోనో ఇంటి పెద్దాయన ఆస్పత్రిలో చేరితే మొదటి రెండు మూడు రోజులు బీడీ జోలికి పోరు. భయం ఒకవైపు, ఆస్పత్రిలో పొగ తాగకూడదన్న 2003 చట్టం ఇంకోవైపు. మందులివ్వడానికి వచ్చిన సిస్టర్ "ఇక మానేయాలి బాబాయ్" అంటుంది. ఆయన తలూపుతారు. డిశ్చార్జ్ అయిన వారానికి మళ్లీ అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటారు.

కాగితం మీద చూస్తే సలహా ఇచ్చేసినట్టే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నర్సుల సలహా ఉత్త మాట కాదు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ 2017 సమీక్ష ప్రకారం, నర్సులు సలహా, సాయం అందిస్తే పొగ మానేసే అవకాశం దాదాపు 29 శాతం పెరుగుతుంది. ఆస్పత్రిలో చేరినవారిపై 2012లో వచ్చిన మరో సమీక్ష ఇంకో మాట చెప్పింది. ఇంటికి వెళ్లాక కూడా కనీసం నెల రోజులు పలకరిస్తేనే ఫలితం గట్టిగా కనిపించింది.

ఈ పనిలో మెట్లు ఐదు. అలవాటు ఉందా అని అడగాలి. మానమని స్పష్టంగా చెప్పాలి. మానడానికి సిద్ధమేనా అని చూడాలి. ఎలా మానాలో సాయం చేయాలి. తర్వాత మళ్లీ కలవాలి. నర్సులనే అడిగి చేసిన సర్వేలు వేర్వేరు దేశాల్లో జరిగాయి. తరచుగా బయటపడింది ఒకటే: మొదటి రెండు మెట్లు బాగానే జరుగుతాయి, చివరి రెండూ జారిపోతాయి.

మన దేశం సంగతి చూద్దాం. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో డాక్టర్ దగ్గరికో, ఆస్పత్రికో వెళ్లిన పొగతాగేవాళ్లలో మానమన్న సలహా అందింది సుమారు 49 శాతం మందికే. ఖైనీ, గుట్కా లాంటివి నమిలేవాళ్లలో అయితే సుమారు 32 శాతం. అంటే "పొగ తాగుతారా?" అని మాత్రమే అడిగితే నమిలేవాళ్లు లెక్కలోకే రారు. ఆడవాళ్లనైతే ఆ ప్రశ్న అడగడానికే మొహమాటపడతారు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. రేపల్లె నుంచి రైలెక్కితే తెనాలి వచ్చేస్తుంది. పెద్ద జబ్బుకు తెనాలి జిల్లా ఆస్పత్రికి రావడం అక్కడివాళ్లకు మామూలే. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉంది. రోగి చికిత్స ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో. తెనాలి వార్డులో సిస్టర్ మొదలుపెట్టిన పనిని రేపల్లె ఏఎన్ఎం, ఆశా అందుకోవాలంటే డిశ్చార్జ్ కాగితం మీద ఒక గీత రాసి ఉండాలి: పొగాకు అలవాటు ఉంది, మానతానన్నారు, ఫలానా వారం పలకరించాలి. బాపట్ల ఆస్పత్రి నుంచి పల్లెకు వెళ్లే రోగికీ అదే వర్తిస్తుంది.

కాబట్టి కొలత మారాలి. "ఎంతమందికి చెప్పారు?" అని నర్సుని అడిగితే చాలదు. ఇంటికెళ్లిన రోగిని నెల తర్వాత మూడు ప్రశ్నలు అడగాలి. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఎలా మానాలో చెప్పారా? ఇప్పుడు మానేశారా? అయితే ఈ లెక్క సిస్టర్లను తిట్టడానికి వాడకూడదు. వార్డు నిండా రోగులుంటే ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చోవడం కుదరదు. ఆ టైము, ఆ శిక్షణ ఇవ్వాల్సింది పైవాళ్లు. నికోటిన్ గమ్ లాంటివి 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అవి వార్డులో దొరుకుతున్నాయా అన్నదీ లెక్కలో ఉండాలి.

మనవైపు నుంచి చేయగలిగిందీ ఉంది. రంజాన్‌లో పగలంతా బీడీ లేకుండా ఉండగలిగినవారు ఇఫ్తార్ కాగానే వెలిగిస్తారు. శరీరం నికోటిన్ కోసం గట్టిగా మారాం చేసేది మొదటి వారమే, తర్వాత తగ్గుతూ వస్తుంది. ఆస్పత్రిలో గడిచిన ఆ రోజులు కూడా అలాంటి మొదలే. దాన్ని ఇంట్లో వృథా చేయొద్దు. డిశ్చార్జ్ రోజు సిస్టర్‌ని మీరే అడగండి: "మళ్లీ ఎప్పుడు, ఎవరిని కలవాలి?" ఉచిత జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 రాసి పెట్టుకోండి. గమ్ వాడాలనుకుంటే, ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవారు, డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

సలహా పూర్తయిందా లేదా అన్నది వార్డు రిజిస్టర్ చెప్పలేదు. నెల తర్వాత అబ్బాజాన్ జేబులో బీడీ కట్ట ఉందా లేదా అన్నదే చెబుతుంది.