ఆస్ట్రేలియా స్త్రీల ఫుట్‌బాలు

2017 ఫిబ్రవరి 3వ తేదీ సాయంకాలము మెల్‌బోర్న్ నగరమందలి ప్రిన్సెస్ పార్కు మైదానము నిండిపోగా ద్వారములు మూసివేసిరి. కోలబంతితో ఆడు ఆస్ట్రేలియా ఫుట్‌బాలులో, ప్రతిఫలమిచ్చి నడపు స్త్రీల జాతీయ లీగునకు అదియే మొదటి పోటీ. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల ఆటను 24,000 మందికి పైగా చూచిరి. చోటు చాలక అనేకులు వెలుపలనే నిలిచిరి. స్త్రీల ఆటను ఎవరు చూతురని అడిగినవారికి అంతకంటె సమాధానమేమి కావలయును?

అయినను, పురుషులవలె గోలులు చేయలేకున్నారని కొందరు ఆక్షేపించిరి. ఆ తూకము న్యాయమైనది కాదు. పెర్త్ నగరపు దుకాణములలో పనిచేయు యువతులు 1915లోనే ఈ ఆట ఆడిరి. వారి మునిమనుమరాండ్ర కాలమునకు గాని ఆటకు జీతము రాలేదు. అదియు పొట్టకు చాలినంత కాదు. తొలి యేట పెక్కుమంది క్రీడాకారిణులు పగలు వేరొక ఉద్యోగము చేసికొని, సాయంకాలము అభ్యాసమునకు వచ్చెడివారు. దినమెల్ల అభ్యసించు పురుషులతో వారిని పోల్చువారు ముందుగా ఆ గంటలను లెక్కింపవలెను.