పంది పొట్టలో పైసలు

మట్టి హుండీలో చిల్లర వేయడం తేలికే, తీయడమే కష్టం. తెలంగాణలో గల్లా గురిగి అనండి, ఇంకోచోట డబ్బుల ముంత అనండి, సన్నటి చీలిక తప్ప దానికి వేరే దారి ఉండదు. చీపురు పుల్లతోనో, తలపిన్నుతోనో రూపాయి బిళ్లను బయటికి లాగాలని చూడని పిల్లలు అరుదు. ఎన్ని తంటాలు పడినా, చివరికి దాన్ని నేలకేసి కొట్టాల్సిందే.

ఇండొనేషియాలోని జావా దీవిలో ఆరేడు వందల ఏళ్ల కిందట కూడా ఇదే తంతు. కాకపోతే అక్కడి హుండీ ఒక బొద్దు పంది. నాలుగు పొట్టి కాళ్లు, గుండ్రటి పొట్ట, వీపు మీద చీలిక. జావా భాషలో ‘చెలెంగ్’ అంటే అడవి పంది. ఆ మాట నుంచే ‘చెలెంగాన్’ వచ్చింది. ఇవాళ ఇండొనేషియాలో కోడి ఆకారంలో చేసినా, ప్లాస్టిక్‌తో చేసినా హుండీని చెలెంగాన్ అనే పిలుస్తారు.

ఈ పందులు ఎక్కువగా దొరికింది తూర్పు జావాలోని త్రొవులాన్ అనే ఊళ్లో. 1293లో మొదలై రెండు శతాబ్దాలకు పైగా సాగిన మజపహిత్ రాజ్యానికి రాజధాని అదేనంటారు. 1300 ప్రాంతం నుంచి అక్కడ చైనా రాగి నాణేల వాడకం పెరిగింది. బంగారు నాణెం పట్టుకుని వంకాయలు బేరమాడలేం కదా! మధ్యలో చతురస్రపు చిల్లు ఉన్న ఈ చిన్న నాణేలతో మామూలు జనం చేతుల్లోనూ చిల్లర ఆడింది. చిల్లర ఉంటే దాచుకునే చోటు కావాలి. అది కుమ్మరి ఇచ్చాడు.

అసలు ఆ నగరమే మట్టిది. గోడలు ఎర్రటి ఇటుకలు. బావులకు మన ఊళ్లలోలాగే కాల్చిన మట్టి ఒరలు. ఇళ్ల కప్పుల మీద మట్టి అలంకారాలు, ఇంకా మనుషుల బొమ్మలు. తాగునీటికి ‘కెండి’. పిడి ఉండదు, పక్కన ముక్కులాంటి గొట్టం ఉంటుంది. మెడ పట్టుకుని, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగుతారు. మడి, ఎంగిలి తెలిసిన మనకు ఆ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పేరు కూడా మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ‘కుండిక’ సముద్రం దాటి కెండి అయింది.

నున్నగా మెరిసే పింగాణీ మాత్రం చైనా, వియత్నాంల నుంచి ఓడల్లో దిగేది. వియత్నాం కుమ్మరులు 15వ శతాబ్దంలో జావావాళ్లు కోరిన ఆకారాల్లో నీలం, తెలుపు గోడ పలకలు చేసి పంపారు. దెమాక్ మసీదు గోడల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. పాత పింగాణీ అంటే మ్యూజియంలకూ, వేలంపాటల వాళ్లకూ ఎప్పుడూ మోజే. నన్నడిగితే మాత్రం ఆ పలకల కన్నా పందికే ఓటు. పలక రాజుగారి దర్జా చెబుతుంది, పంది ఓ ఇంటి పొదుపు చెబుతుంది.

రాజుల మాట వచ్చింది కాబట్టి ఒక చిత్రమైన సంగతి. మజపహిత్ మహామంత్రి గజ మద ఇండొనేషియాకు జాతీయ వీరుడు. దీవులన్నిటినీ ఒక్కటి చేసేదాకా సుఖపడనని శపథం పట్టినవాడని చెబుతారు. యోగ్యకర్తాలో ఆయన పేరున పెద్ద విశ్వవిద్యాలయమే ఉంది. ఉబ్బిన బుగ్గలు, మందపాటి పెదవులతో ఆయన బొమ్మ అక్కడ బడిపిల్లలందరికీ తెలుసు. మరి 1364లో పోయిన మనిషి ముఖం ఎలా తెలిసింది? 1940లలో ముహమ్మద్ యామిన్ అనే నాయకుడు త్రొవులాన్‌లో దొరికిన ఒక మట్టి తలను చూసి, గజ మద ఇలాగే ఉండి ఉంటాడన్నారు. ఆ బొమ్మనే తన పుస్తకానికీ వాడారు. అప్పట్లో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న దేశానికి ఒక వీరుడి ముఖం కావాల్సి వచ్చింది, దొరికింది. తర్వాత పండితులు కొందరు అది విగ్రహం ముక్క కాదు, మనిషి తల ఆకారంలో చేసిన డబ్బుల హుండీ ముక్క కావచ్చన్నారు. అయినా బొమ్మ మారలేదు. ఏ కుమ్మరి ఎవరిని తలచుకుని ఆ బుగ్గలు దిద్దాడో!

ఇప్పుడు త్రొవులాన్‌కు చిక్కు కూడా మట్టితోనే వచ్చింది. అక్కడి మట్టి ఇటుకలకు బాగుంటుంది. ఊరి చుట్టూ బట్టీలు. మట్టి కోసం తవ్వే పారకు పాత గోడలు, ఒరల బావులు, పెంకులు తగులుతుంటాయి. పాత ఇటుకలను దంచి పొడిగా అమ్ముకోవడం కూడా చాలాకాలం సాగింది. రోజుకూలి మీద బతికేవాడిని చరిత్ర కోసం పస్తుండమనడం తేలికేమీ కాదు. పైగా తప్పంతా వాళ్లదే అనడానికీ లేదు. 2008లో సర్కారే అక్కడ మజపహిత్ చరిత్ర చెప్పే కేంద్రం కడతామని పునాదులు తవ్వి, ఆ చరిత్రనే పాడుచేసింది. పురావస్తు నిపుణులు గోల పెడితే 2009 మొదట్లో పని ఆపారు. 2013లో త్రొవులాన్‌ను జాతీయ వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు.

జకార్తాలోని జాతీయ మ్యూజియం సేకరణలో ఓ పెద్ద మట్టి పంది ఉంది. ముక్కలుగా దొరికితే అతికి నిలబెట్టారు. పొట్ట పొడుగునా ఆ అతుకులు కనిపిస్తాయి. ఎవరో దాన్ని నిండేదాకా నింపి ఉంటారు. ఆ పైసలతో ఏం కొనుక్కున్నారో మరి.