సైకిల్ కనిపిస్తే చాలు, తెంపెయ్యడమేనా?

మన సాఫ్ట్‌వేర్ జనానికి ఒక మూఢనమ్మకం ఉంది. గ్రాఫులో సైకిల్ కనిపించిందంటే అదేదో పిల్లి ఎదురైనట్టు ఉలిక్కిపడతాం. (పార్టీ గుర్తు సంగతి కాదు లెండి.) మేక్‌ఫైల్ ఒప్పుకోదు, ఎక్సెల్ సర్క్యులర్ రిఫరెన్స్ అని గోల పెడుతుంది, గిట్ హిస్టరీ మొత్తం ఎసైక్లిక్. అక్కడ అది సబబే, ఏది ముందో ఏది వెనకో తేలకపోతే బిల్డ్ ఎలా అవుతుంది? నా గొడవల్లా ఆ అలవాటుని రసాయన చర్యల సిమ్యులేషన్ మీదకి కూడా మోసుకెళ్ళే వాళ్ళతోనే. "రివర్స్ రియాక్షన్లు తీసెయ్ బాస్, డీఏజీ అయిపోతుంది, పని సులువు" అంటారు. ఎవరికి సులువు?

నిజంగానే సైకిల్ లేని చోట్లు ఉన్నాయి, కాదనను. యురేనియం-238 క్షయించి సీసం-206 దాకా వచ్చే దారి చూడండి. మధ్యలో బిస్మత్-214 దగ్గర రెండుగా చీలి, ఒకటి పొలోనియం-214 మీదుగా, ఇంకోటి థాలియం-210 మీదుగా వెళ్ళి సీసం-210 దగ్గర మళ్ళీ కలుస్తాయి. చెట్టు కాదు, కానీ వెనక్కి దారి లేదు. మూలకాల్ని ఆ వరసలో పేరిస్తే మాట్రిక్స్ ట్రయాంగ్యులర్ అయిపోతుంది, డయాగొనల్ మీద ఉన్నవే ఐగెన్ విలువలు. ఆ డయాగొనల్ తీసేస్తే మిగిలేది నిల్‌పొటెంట్, అంటే తనని తనతోనే కొన్నిసార్లు గుణిస్తే సున్నా. బేట్‌మన్ 1910లో ఈ సమీకరణాల్ని కాయితం మీదే తేల్చెయ్యగలిగాడంటే అందుకే.

బీకరులో కథ వేరు. అక్కడ ప్రతి చర్యకీ వెనక్కి నడిచే చర్య ఉంటుంది. వెనక్కి వెళ్ళేది మరీ నెమ్మదైతే వదిలేస్తాం, అది మన సౌకర్యం, ప్రకృతి నియమం కాదు. ముందుకీ వెనక్కీ కలిపి ఒక గీత అనుకుందాం. ఎ, బి, సి మూడు పదార్థాలు, మూడు గీతలతో త్రిభుజం, మొత్తం ఆరు రేటు స్థిరాంకాలు. ఆరింటికీ మీ ఇష్టమొచ్చిన అంకెలు ఇచ్చెయ్యొచ్చా? కుదరదు. చుట్టూ ఒక దిక్కున తిరిగితే వచ్చే మూడింటి లబ్ధం, ఎదురు దిక్కున వచ్చే మూడింటి లబ్ధంతో సమానం కావాలి. ఈ షరతు వెగ్‌షైడర్ 1901లోనే చెప్పాడు. అలిపిరి మెట్లెక్కి, శ్రీవారి మెట్టు దిగి, తిరిగి అలిపిరికి వస్తే ఎంత ఎక్కామో అంతే దిగినట్టు కదా, ఇక్కడ ఆ ఎత్తు ఫ్రీ ఎనర్జీ.

ఇప్పుడు ఆల్జీబ్రా. ఒకే ముక్కగా ఉన్న గ్రాఫులో గీతల్లోంచి చుక్కలు తీసేసి ఒకటి కలిపితే స్వతంత్ర సైకిళ్ళ లెక్క వస్తుంది, మొదటి హోమాలజీ కొలత అదే. చెట్టుకి అది సున్నా, కాబట్టి ఏ అంకెలిచ్చినా చెల్లుతాయి. త్రిభుజానికి ఒకటి, కాబట్టి ఆరింటిలో ఐదే మన చేతిలో ఉన్నవి. గ్రూపులూ రింగులూ ఉద్యోగానికి దేనికి పనికొస్తాయి అని అడిగేవాళ్ళు ఈ ఒక్క లెక్క చెయ్యండి చాలు.

చెయ్యకపోతే? ముందుకి 2, 3, 4 ఇచ్చి, వెనక్కి 1, 1, 1 ఇవ్వండి. 24 ఎక్కడ, 1 ఎక్కడ! అయినా ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. గాఢతలు నెగటివ్ కావు, మొత్తం పదార్థం మారదు, గ్రాఫులు నిటారుగా ఆగిపోకుండా చదునుగా స్థిరపడతాయి. టెస్టులన్నీ పచ్చ. లోపల మాత్రం ఎ నుంచి బి, బి నుంచి సి, సి నుంచి ఎ కి ప్రవాహం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మూత పెట్టిన బీకరులో, బయటి నుంచి ఏ శక్తీ లేకుండా! శాశ్వత చలన యంత్రం అని నవ్వుకుంటామే, అది షిప్ చేసేశారన్నమాట.

దీనికి మందు సైకిల్ తెంపడం కాదు. ప్రతి పదార్థానికీ ఒక ఎనర్జీ ఇచ్చి, ముందుకి వెళ్ళే రేటు మీరు ఎంచుకుని, వెనక్కి వచ్చేది దాన్నుంచి లెక్కకట్టండి. నాలుగు లైన్ల కోడు.

బతికున్న కణంలో సైకిళ్ళు నిజంగానే ఒక దిక్కున తిరుగుతాయిగా అంటారేమో. తిరుగుతాయి, తిండి ఖర్చుపెట్టి తిరుగుతాయి. ఆ ఖర్చు మోడల్లో కనిపించాలి. అంతగా డీఏజీయే ముద్దనుకుంటే, క్రెబ్స్ 1937లో చెప్పిన సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని ఒకచోట తెంపి చూపించండి. ప్రతి చుట్టుకీ కొత్త ఆక్సలోఅసిటేట్ ఎక్కణ్ణించి తెస్తారో నేనూ చూస్తాను.