ఈల పట్టేవాడి ఊసెత్తని క్రీడా విధానం

ఒలింపిక్ స్వర్ణం తెస్తే రూ.7 కోట్లు ఇస్తామంటోంది ఆంధ్రప్రదేశ్. 2018, 2023 హాకీ ప్రపంచకప్‌లకు ఆతిథ్యమిచ్చింది ఒడిశా. సంతోషమే. కానీ ఆ ఆటలు నడిపే రిఫరీ ఎక్కడ తయారవుతాడు, ఏం తిని బతుకుతాడు అని అడిగినవాళ్లు లేరు. రిఫరీ పని కూడా వృత్తే. దానికి శిక్షణ, జీతం, రక్షణ కల్పించని క్రీడా విధానం సగం విధానమే.

పతకాల చర్చల్లో అందరూ మరిచిపోయేది 2012 నాటి మూడు వారాలు. డబ్బుకు కొదవలేని అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్, పింఛను, వేతనాల దగ్గర పేచీ పడి తన రిఫరీలను బయట నిలబెట్టింది. కిందిస్థాయి పోటీలవాళ్లను తెచ్చి సీజన్ మొదలుపెట్టింది. సెప్టెంబర్ 24న సియాటిల్, గ్రీన్‌బే మ్యాచ్ ఆఖరి క్షణంలో బంతి ఎవరిదో తేల్చాల్సిన ఇద్దరు రిఫరీలు చెరో సంకేతం ఇచ్చారు. సియాటిల్ 14-12తో గెలిచింది. అంతకుముందే ఆ జట్టు ఆటగాడి తప్పుకు పెనాల్టీ పడాల్సిందని లీగే మర్నాడు ఒప్పుకుంది. రెండు రోజుల్లో రాజీ కుదిరింది. 2011లో సగటున 1,49,000 డాలర్లున్న రిఫరీ వేతనం 2019 నాటికి 2,05,000 డాలర్లకు చేరేలా సంతకాలయ్యాయి.

ఏడాదిలో కొన్నాళ్లే ఉండే పనికి ఇంత హంగామా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. ఖర్చు భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఎన్‌ఎఫ్ఎల్ రిఫరీల్లోనూ చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. అప్పట్లో పేరున్న రిఫరీ ఎడ్ హోక్యులీ న్యాయవాది. అయినా వాళ్లు లేకుండా లీగ్ లాక్కొచ్చింది మూడు వారాలే.

దారి చూపిస్తే మనవాళ్లూ నడుస్తారు. రాజమహేంద్రవరంలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019 మేలో ఐసీసీ ప్యానెల్‌కెక్కిన తొలి మహిళా మ్యాచ్ రిఫరీ. అదే ఏడాది డిసెంబరులో షార్జాలో పురుషుల వన్డేకు ఆ బాధ్యత చేపట్టిన తొలి మహిళ ఆమే. ఆ ప్రయాణానికి పునాది, 2008-09లో దేశవాళీ మహిళల క్రికెట్‌లో బీసీసీఐ ఇచ్చిన అవకాశం.

ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దు కొండల్లో 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఈ రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఎవరి వాటా కరెంటు ఎంతో లెక్కగట్టే మీటరును దారిన పోయేవాడి చేతిలో పెడతారా? ఈ కొండల్లో ఊరి పోటీలకు మాత్రం ఈల ఎవరి చేతికొస్తే వాడే రిఫరీ. తీర్పు నచ్చకపోతే తిట్లు తినేదీ అతనే.

ఆటగాడికి 1961 నుంచి అర్జున, శిక్షకుడికి 1985 నుంచి ద్రోణాచార్య పురస్కారాలున్నాయి. రిఫరీకంటూ అలాంటి జాతీయ పురస్కారం ఒక్కటీ లేదు. ఇది మరుపు కాదు, చిన్నచూపు. కోరాపుట్, రాయగడ, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు ఉమ్మడి రిఫరీల ప్యానెల్ వేయండి. ఆట ఆపేసిన గిరిజన యువతీ యువకులకు శిక్షణ, పరీక్ష, మ్యాచ్ రుసుము, బీమా ఇవ్వండి. ఎన్‌ఎఫ్ఎల్‌కు మూడు వారాల్లో తెలిసొచ్చిన సంగతి మన ప్రభుత్వాలకు ఇన్నేళ్లయినా తలకెక్కకపోవడం క్షమించరానిది.