పెట్టె మీది 50 వాట్లు ఎక్కడివి?

కిందటి వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు కారు వేసుకొని మా ఇంటికి వచ్చాడు. వాడు పదో తరగతి దాటి పదిహేనేళ్లయింది. ఇప్పుడు టాక్సీ నడుపుకుంటున్నాడు. "మాస్టారూ, కొత్త స్టీరియో, కొత్త స్పీకర్లు వేయించాను. ఒకసారి విని చెప్పండి" అంటూ పాట పెట్టాడు.

విన్నాను. శబ్దం పెద్దదిగానే ఉన్నది. కాని తబలా ఉండీ లేనట్టున్నది. గాయకుడి గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నది.

"ఎంతయిందిరా?" అన్నాను.

"14,000 అయింది మాస్టారూ. కంపెనీవాడు ఇచ్చేవి వట్టి కాగితం స్పీకర్లట. ఇవి 300 వాట్లవి. స్టీరియో ఒక్కో స్పీకరుకు 50 వాట్ల చొప్పున నాలుగింటికి 200 వాట్లు ఇస్తుందని షాపులో చెప్పారు. కాని నాకెందుకో పాతవే బాగున్నాయనిపిస్తోంది. అదే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను."

వాడిని నేను మరచిపోలేదు. విద్యుత్తు పాఠంలో లెక్కలు తప్పు లేకుండా చేసేవాడు. "సామర్థ్యానికి సూత్రం చెప్పు" అంటే ఇప్పుడు కూడా తడుముకోకుండా చెప్పాడు: వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించాలి. మరి అంత బాగా వచ్చిన సూత్రం షాపులో ఎందుకు గుర్తు రాలేదు? పరీక్ష కాగితం మీద పనికివచ్చిన పాఠం కౌంటరు ముందు పనికిరాలేదంటే ఆ లోపం వాడిది కాదు, పాఠం చెప్పిన నాది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కంపెనీ స్పీకర్లన్నీ చెత్త అనడం తప్పు. బయటి స్పీకర్లు కొనడమంతా వృథా అనడం కూడా తప్పే. ఏ స్థితిలో కొలిచారో చెప్పని అంకెను నమ్మి డబ్బు ఖర్చు చేయడం మాత్రం అన్నిటికంటె పెద్ద తప్పు.

200 వాట్ల లెక్క

కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడుస్తూ ఆల్టర్నేటరు ఛార్జి చేస్తున్నప్పుడు అది దాదాపు 14.4 వోల్టులుంటుంది. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓములవి. ఇక మీ పుస్తకంలోని సూత్రం వాడుదాం. 14.4 వర్గం 207.36. దాన్ని 4తో భాగిస్తే 51.84 వాట్లు. పెట్టె మీది 50 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా!

అయితే ఈ 51.84 వాట్లు ఎప్పుడు వస్తాయి? స్పీకరుకు పూర్తి 14.4 వోల్టులు ఒక్క క్షణం కూడా తగ్గకుండా అందితేనే. సంగీతం అలా ఉండదు. తరంగం పైకి లేస్తుంది, సున్నాకు దిగుతుంది, మళ్లీ రెండో వైపు లేస్తుంది. నునుపైన సైన్ తరంగానికి సగటు సామర్థ్యం దాని గరిష్ఠ సామర్థ్యంలో సగమే. అంటే సుమారు 26 వాట్లు. స్టీరియో లోపలి ట్రాన్సిస్టర్లు తినేది పోగా స్పీకరుకు శుభ్రంగా చేరేవి సుమారు 20 వాట్లు. అంతకు మించి రాబట్టాలని వాల్యూము పెంచితే తరంగపు తలలు తెగి బల్లపరుపు అవుతాయి. మనకు గరగర వినిపిస్తుంది.

ఇంకొక సాక్ష్యం కూడా ఉన్నది. మావాడి స్టీరియో వెనుక ఫ్యూజు చూశాం. దాని మీద 10 ఆంపియర్లు అని ఉన్నది. 14.4ను 10తో గుణిస్తే 144 వాట్లు. అందులోనూ కొంత వేడిగా పోతుంది. జేబులో 144 రూపాయలు పెట్టుకొని రోజూ 200 రూపాయల సరుకు తేగలమా?

ఇక స్పీకరు మీది 300 వాట్ల సంగతి. స్పీకరు వాట్లను ఇవ్వదు, పుచ్చుకుంటుంది. బిందె పది లీటర్లు పడుతుందంటే అందులో పది లీటర్ల నీళ్లున్నాయని అర్థం కాదు. ఆ 300 స్పీకరు క్షణకాలం తట్టుకోగలదని చెప్పే అంకె మాత్రమే. దానికి ఎడతెగకుండా తట్టుకోగలిగే అంకె వేరే ఉంటుంది. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడవలసింది దాన్నే.

ఈ అంకెల గందరగోళం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీదారుల సంఘం 2003లో ఒక ప్రమాణం తెచ్చింది. 14.4 వోల్టుల వద్ద, 4 ఓముల స్పీకరుతో, వికృతి 1 శాతం మించకుండా ఎంత సామర్థ్యం వస్తుందో దాన్నే ప్రకటించాలన్నది. ఎంత అనే దానితోపాటు ఏ స్థితిలో అనే మాట కూడా అందులో ఉన్నది, గమనించండి. కాని దాన్ని పాటించడం తయారీదారు ఇష్టం.

రెట్టింపు వాట్లు, రెట్టింపు శబ్దం?

సరే, 20 వాట్లకు బదులు నిజంగానే 40 వాట్లు వచ్చాయనుకుందాం. శబ్దం రెట్టింపు వినిపిస్తుందా? వినిపించదు. సామర్థ్యం రెట్టింపయితే ధ్వని స్థాయి 3 డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది. ఆ తేడాను మన చెవి కొద్దిపాటి పెరుగుదలగానే గుర్తిస్తుంది. రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. దానికి సామర్థ్యం 10 రెట్లు కావాలి!

అందుచేత వాట్ల కంటె ముందు చూడవలసిన అంకె వేరొకటి ఉన్నది. అదే స్పీకరు సున్నితత్వం. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్లు వస్తాయో అది చెబుతుంది. ఒక స్పీకరుకు 92, మరొకదానికి 86 అని ఉన్నదనుకోండి. తేడా 6 డెసిబెల్లు, అంటే రెండు సార్లు రెట్టింపు. మొదటిది 20 వాట్లతో చేసే శబ్దానికి రెండోదానికి 80 వాట్లు కావాలి. కంపెనీ స్పీకరులోని పలుచని కాగితపు శంఖువు తేలికైనది గనుక చిన్న స్టీరియోతోనే చురుగ్గా కదులుతుంది. బరువైన శంఖువున్న ఖరీదు స్పీకరును అదే స్టీరియోకు తగిలిస్తే మునుపటి కంటె మందంగా పలకవచ్చు. "కాగితం" అని తీసిపారేయకండి. పేరున్న ఖరీదైన స్పీకర్లలోనూ కాగితపు శంఖువులు వాడతారు.

ఓముల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కొన్ని కార్లలో కంపెనీ స్పీకర్లు 2 ఓములవి ఉంటాయి. వాటి స్థానంలో 4 ఓములవి పెడితే సామర్థ్యం సగానికి పడిపోతుంది. దానికి విరుద్ధంగా, 4 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా ఒకే చానెలుకు కలిపితే నిరోధం 2 ఓములవుతుంది. అప్పుడు ప్రవాహం పెరిగి స్టీరియో వేడెక్కుతుంది. ఇదంతా మీరు చదివిన ఓం నియమమే.

తలుపు కూడా స్పీకరే

ఇప్పుడొక ప్రయోగం. పాత రేడియోలోంచి తీసిన స్పీకరు ఒకటి సంపాదించండి. దాన్ని ఏ పెట్టెలోనూ బిగించకుండా ఒక చిన్న రేడియోకు కలిపి పాట వినండి. గొంతు వినిపిస్తుంది, డోలు వినిపించదు. ఇప్పుడు పెద్ద అట్ట తీసుకొని మధ్యలో స్పీకరంత రంధ్రం చేసి, స్పీకరును దానికి గట్టిగా ఆనించండి. డోలు వచ్చేస్తుంది! మా తరగతిలో ఈ ప్రయోగం చేసినప్పుడల్లా పిల్లలు అట్ట తీసి, పెట్టి, మళ్లీ తీసి చూస్తారు.

కారణమేమిటి? శంఖువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కు పోతుంది. రెండూ రద్దవుతాయి. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. 100 హెర్ట్జ్ పౌనఃపున్యమున్న డోలు శబ్దానికి తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. అంత పొడవైన తరంగానికి అరచేతి వెడల్పు స్పీకరు ఒక అడ్డే కాదు. 10,000 హెర్ట్జ్ కీచు శబ్దానికి తరంగదైర్ఘ్యం 3.4 సెంటీమీటర్లే. అది చుట్టు తిరగకుండా సూటిగా పోతుంది. మోకాళ్ల దగ్గర బిగించిన స్పీకరులోని సన్నని శబ్దాలు చెవికి సరిగా అందకపోవడానికి కారణం కూడా అదే. అందుకే ట్వీటరును విడిగా, పైన అద్దం దగ్గర పెడతారు.

కారులో ఆ అట్ట పని చేసేది తలుపు. తలుపు రేకులో రంధ్రాలున్నా, స్పీకరు అంచున సందులున్నా అట్ట తీసేసినట్టే. మావాడి కారును తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లి తలుపు ప్యాడ్ విప్పించాం. కొత్త స్పీకరు చట్రం కాస్త చిన్నది. చుట్టూ వేలు దూరేటంత సందు ఉన్నది. లోపలి పాలిథీన్ షీటు కోసేసి ఉన్నది. ఆ షీటు ఊరికే అతికించింది కాదు. వానలో కిటికీ అద్దం వెంట తలుపులోకి దిగే నీరు కారు లోపలికి రాకుండా ఆపేది అదే. ఆపైన ఎడమ స్పీకరు తీగలు తారుమారయ్యాయి. కుడి శంఖువు ముందుకు పోతుంటే ఎడమది వెనక్కు పోతోంది. రెండు స్పీకర్ల డోలు శబ్దం ఒకదానినొకటి చంపుకుంటున్నది.

1.5 వోల్టుల ఘటాన్ని ఒక్క క్షణం తాకించి, ధన ధ్రువం సరిగా ఉన్నప్పుడు శంఖువు ముందుకు కదులుతుందని చూసి, తీగలు సరిచేశాం. సందుకు చెక్క వలయం వేసి, రంధ్రాలు జిగురు రబ్బరు షీట్లతో మూసి, కొత్త పాలిథీన్ అంటించాం. ఖర్చు 900 రూపాయలు. తబలా తిరిగి వచ్చింది.

ఒక హెచ్చరిక. తలుపుల్లో ఎయిర్ బ్యాగు తీగలు కూడా ఉండవచ్చు. మీరు మీ నాన్నగారి కారు తలుపు విప్పే సాహసం చేయకండి. అట్టతో ప్రయోగం చాలు.

కంపెనీవాడు మోసగాడా?

కారు రేడియో మొదట్లో బయట కొని బిగించుకొనే వస్తువు. అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా అనే పేరుతో అమ్మినది అటువంటిదే. కారు ఆకారాన్ని, సీట్లను, అద్దాలను లెక్కలోకి తీసుకొని ఫ్యాక్టరీలోనే స్పీకర్లు రూపొందించే పద్ధతికి పేరు తెచ్చినవి జనరల్ మోటార్స్ 1983 మోడలు కార్లలో పెట్టిన బోస్ సెట్లు. ఆ బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ తండ్రి బెంగాల్ నుంచి వలస వెళ్లినవాడు.

కారు తయారుచేసేవాడు ధర, బరువు, తేమ, ఎండ అన్నీ చూసుకొని రాజీ పడతాడు. కాబట్టి చవక కార్లలో అయస్కాంతం చిన్నదిగా ఉంటుంది, ట్వీటరు ఉండదు. ఇది నిజమైన లోపమే. దీన్ని సరిదిద్దుకోవాలనుకోవడం తప్పు కాదు. కాని వరుస ముఖ్యం. మొదట తీగలు, సందులు చూడండి. తరువాత తలుపు మూయించండి. అప్పటికీ చాలకపోతే ముందు జత స్పీకర్లు మాత్రం మార్చండి. ఓములు అవే ఉండాలి, సున్నితత్వం ఎక్కువ ఉండాలి. విడి యాంప్లిఫయరు అన్నిటికంటె చివర. అది లోపల వోల్టేజిని పెంచుకుంటుంది గనుక 20 వాట్ల హద్దు దాటగలదు. అందుకే దానికి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేస్తారు. మన షాపుల్లో ఈ వరుస తలక్రిందులుగా నడుస్తున్నదని నా ఫిర్యాదు.

చెవి సంగతి

పెద్ద అంకెకు ఆశపడేవారు ఒక చిన్న లెక్క కూడా చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి చేరితే శక్తి 10 రెట్లు, కాబట్టి వినదగిన కాలం పదో వంతు, 4 గంటలు. 100 డెసిబెల్లయితే 20 నిమిషాలే. మావాడు రోజుకు 10 గంటలు స్టీరింగు ముందు ఉంటాడు. తబలా వినిపించక వాడు వాల్యూము పెంచుతూ పోయాడు. వెనుక వచ్చే అంబులెన్సు సైరను వినిపించనంతగా పెంచాడు. చెడిన స్పీకరును మార్చుకోవచ్చు. లోపలి చెవిలో చచ్చిన రోమకణాలు మాత్రం మళ్లీ పుట్టవు.

తలుపు బాగుచేశాక వాడు తనంతట తానే వాల్యూము తగ్గించాడు. వాడి 14,000 రూపాయలు తిరిగి రాలేదు. కంపెనీ స్పీకర్లను పారేయకుండా డిక్కీలో ఉంచుకున్నాడు గనుక వాటిని తిరిగి వెనుక తలుపులకు బిగించుకున్నాడు.

విద్యార్థులారా, రేపు మీరు కొనేది స్పీకరు కాకపోవచ్చు. ఇన్వర్టరు కావచ్చు, మోటారు కావచ్చు, ఫోను ఛార్జరు కావచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. "ఎన్ని వోల్టుల దగ్గర? ఎంతసేపు? ఏ స్థితిలో?" అని షాపులోనే అడగండి. జవాబు రాకపోతే, కాగితం కలం తీసి మీరే లెక్క వేయండి. ఆ సూత్రం మీకు పదో తరగతిలోనే నేర్పుతున్నాం.