చోటును చెప్పే మాటలు బడిలో నేర్పండి

ఒకటో తరగతిలో చేరే పిల్లకు వంద దాకా అంకెలు వచ్చా, రంగుల పేర్లు వచ్చా అని అందరం అడుగుతాం. గోడకు అవతల, బీరువా పక్కన, రెంటి నడుమ, కింది నుంచి మూడో అరలో, తూర్పు వైపు అంటే ఆ పిల్లకు తెలుస్తోందా అని ఎవరూ అడగరు. అవి వాటంతట అవే వస్తాయని మన నమ్మకం. ఆ నమ్మకం సగమే నిజం. అంగన్‌వాడీలోనూ, ఒకటి, రెండు తరగతుల్లోనూ చోటును, దిక్కును చెప్పే మాటలను తెలుగులో, ఆటల్లో, రోజూ పనిగట్టుకుని నేర్పాలని ఈ కరపత్రం కోరుతోంది. రెండంకెల సంఖ్యలో పదుల స్థానం ఎటుందో, పటంలో నది ఏ వైపు పారుతోందో, త్రిభుజంలో ఏ కోణానికి ఏ భుజం ఎదురుగా ఉందో తెలియాలంటే ముందుగా కావలసింది ఈ మాటలే.

మాట తెలిస్తే చూపు మారుతుందా? మారుతుందని పరీక్షించి చూపినవారున్నారు. అమెరికా పరిశోధకులు లోవెన్‌స్టీన్, జెంట్నర్ 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇంకా బడిలో చేరని పిల్లల ముందు ఒకేలాంటి రెండు పెట్టెలు పెట్టారు. ఒకదానిలో కార్డును ఒక చోట ఉంచి, రెండోదానిలో సరిగ్గా అదే చోటున ఉన్నదాన్ని వెతకమన్నారు. ‘ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను’ అని మాత్రమే విన్న పిల్లలకంటే ‘పెట్టె మీద’, ‘లోపల’, ‘కింద’ అని విన్న పిల్లలు బాగా కనిపెట్టారు. పెట్టెలూ కార్డూ అవే. తేడా చెప్పిన మాటలోనే. జెంట్నర్ బృందం 2013లో టర్కీలోని బధిర బాలల గురించి రాసింది. మాటా, సంజ్ఞా భాషా రెండూ అందక సొంత సైగలతో నెట్టుకొస్తున్న పిల్లలు వాళ్లు. ఆ సైగల్లో పైన, కింద వంటివి చెప్పేవి కనిపించలేదు. ఇలాంటి వెతుకులాటలో వాళ్లు వినగలిగే పిల్లలకంటే వెనకబడ్డారు. అది తెలివి తక్కువై కాదు, మాట అందక.

‘ఇంట్లో వింటూ నేర్చుకుంటారు కదా’ అనేవారున్నారు. ఇళ్లన్నీ ఒకటి కావు. షికాగోలో 52 మంది పసివాళ్లను 14 నెలల వయసు నుంచి 46 నెలల దాకా ఇళ్లలోనే గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పొడవు, గుండ్రం, అంచు, మూల వంటి మాటలు కొందరు తల్లిదండ్రుల నోట బహు అరుదుగా వచ్చాయి, మరికొందరి నోట వందల సార్లు వచ్చాయి. ఎక్కువ విన్న పిల్లలు ఎక్కువ వాడారు. ఎక్కువ వాడినవారు నాలుగున్నరేళ్లకు ఆకారాలను మనసులో తిప్పి, కలిపి చూసే పరీక్షల్లో ముందున్నారు. ఇదొక్కటే అయితే కారణం ఫలానా అని తేల్చలేం. కానీ పెట్టెల ప్రయోగంతో కలిపి చూస్తే, ఇంట్లో వినని పిల్లకు బడి అయినా వినిపించాలన్న వాదం గట్టిపడుతుంది.

దిక్కుల సంగతి మరింత స్పష్టం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో గూగు యిమిథిర్ భాష మాట్లాడేవారు చేతికందే వస్తువును కూడా కుడి ఎడమలతో కాక దిక్కులతో చెబుతారని హావిలాండ్, లెవిన్సన్ రాశారు. అది పుట్టుకతో వచ్చే శక్తి కాదు, వాడుక నేర్పిన అలవాటు. మన దేశంలోనే దాసెన్, మిశ్రా అనే పరిశోధకులు వారణాసి పిల్లలను పరిశీలించినప్పుడు, సంస్కృత పాఠశాలల్లో చదివేవారిలో దిక్కులతో చోటును గుర్తుపెట్టుకునే అలవాటు బలంగా కనిపించింది. అంటే బడి నేర్పితే వస్తుంది. తెలుగు పల్లెల్లో తూర్పు చేను, పడమటి వీధి, ఎగువ మడి, దిగువ మడి అనే వాడుక ఉంది. భూమి దస్తావేజులో చెక్కుబందీ నాలుగు దిక్కులతోనే రాస్తారు. ఫ్లాట్లలో పెరిగే పిల్లలకు ఆ వాడుక అందడం లేదు.

ఇంగ్లీషు మీడియం వచ్చాక తెలుగులో ఎందుకని మరో ప్రశ్న. మూడేళ్ల పిల్లకు తెలియని సంబంధాన్ని తెలియని భాషలో చెబితే రెండూ అందవు. వంటింట్లో, వీధిలో వినే భాషలో ఆ సంబంధం స్థిరపడితే దానికి ఇంగ్లీషు మాట జతచేయడం తేలిక. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది కూడా. ఫోనే దారి చూపుతుంది కదా అంటారా? పటాన్ని ఏ వైపు తిప్పి చూడాలో ఫోను పట్టుకున్న మనిషికే తెలియాలి.

దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. తరగతి గది నాలుగు గోడల మీద నాలుగు దిక్కుల పేర్లు రాయండి. ప్రార్థన వేళ ఏ దిక్కుకు తిరిగి నిలబడ్డారో పిల్లల చేత చెప్పించండి. రాయిని దాచి, వేలు చూపకుండా మాటలతోనే దాని జాడ చెప్పే ఆట ఆడించండి. ఎదురెదురుగా నిలబెట్టి అవతలి పిల్ల కుడిచెయ్యి ఏదో అడగండి. ఇది పిల్లలకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది కాబట్టి తొందరపెట్టకండి, మార్కులు వేయకండి. రెండో తరగతి ముగిసేలోగా బడి ఆవరణ పటాన్ని వాళ్లచేతే గీయించండి. ‘అక్కడ పెట్టు’, ‘ఇటు రా’ అనే బదులు ‘కిటికీ కింద, బల్లకు ఎడమ పక్కన పెట్టు’ అనడం అమ్మానాన్నలూ, ఆయమ్మలూ, టీచర్లూ ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులారా, వచ్చే సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టండి. మండల విద్యాధికారికి ఒక ప్రతి పంపండి.