పెరటి పాఠాలు: తల తుంచిన సబ్జా

పిల్లలూ! ఎండాకాలంలో అమ్మ సబ్జా గింజలు నానవేస్తుంది గదా. నల్లని గింజ చుట్టూ తెల్లని జిగురు పొర ఉబ్బుతుంది. ఆ గింజను నాటితే మొలిచేది మన తులసికి దాయాది. రుద్రజడ అని కూడా అంటారు. ఇటలీవాళ్ల వంటల్లో ఈ ఆకు ముఖ్యం. దాని కాండం వేళ్లతో తడిమి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. పుదీనా కాండమూ అంతే. ఈ మూడూ ఒకే కుటుంబం.

ముప్ఫై ఏళ్ల కిందట మిర్యాలగూడ దగ్గర ఒక బడిలో మేము సబ్జా వేశాం. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక ఆ చుట్టుపక్కల ఎటు చూసినా వరే. వరికి నిలవ నీరు సరిపోతుంది. సబ్జాకు వేళ్లు కుళ్లుతాయి. అందుకని మడి ఎత్తుగా కట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి, గింజలు చల్లి, పైన పలచగా మట్టి కప్పాం.

మొక్కలు జానెడయ్యాయి. ఒకనాడు పొద్దున్నే వెళ్లి చూద్దును గదా, ఒక వరుసలో మొక్కలకు తలలు లేవు! ఏడో తరగతి కుర్రవాడొకడు తానే తుంచానన్నాడు. వాళ్ల తాత కోదాడ దగ్గర ఆకుకూరలు పండించి సూర్యాపేటకు పంపేవాడట.

"తోటకూరకు తాత ఇట్లాగే చేస్తాడు సార్" అన్నాడు.

నేను వినలేదు. అందరి ముందూ కేకలేసి, తోటపని మాన్పించాను.

మూడు వారాలు గడిచాయి. నేను కాపాడిన మొక్కలు సన్నగా పైకిపోయి పూత పట్టాయి. పూత వచ్చిందంటే మొక్క బలం గింజకు పోతుంది, కొత్త ఆకు తగ్గుతుంది. వాడు తుంచినవేమో గుబురుగా ఉన్నాయి! ఎందుకంటారా? సబ్జా ఆకులు జంటలుగా వస్తాయి. ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ నిద్రపోతుంటుంది. పై కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగి దాన్ని లేవనివ్వదు. కొన తుంచితే రెండు మొగ్గలూ లేస్తాయి. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. రోజూ నేను చెప్పే లెక్కే, తోటలో తట్టలేదు.

మీరు కోసేటప్పుడు మంచు ఆరాక, ఎండ ముదరకముందే కోయండి. కణుపుకు కాస్త పైన తుంచి, కింద రెండు మూడు జంటల ఆకులుంచండి. కోసిన కొమ్మలు ఫ్రిజ్‌లో పెడితే చలికి నల్లబడతాయి. గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. గింజ కోసం ఒకటి రెండు మొక్కలు పూతకు వదిలితే తేనెటీగలూ వస్తాయి.

మర్నాడు ప్రార్థన వేళ ఆ కుర్రవాణ్ణి ముందుకు పిలిచి, తప్పు నాదేనని అందరికీ చెప్పాను. వాడు తల వంచుకుని, "మీ వరుస కూడా తుంచమంటారా సార్?" అన్నాడు.